వనపర్తి మీద రెండుసార్లు పట్టపగలే చీకటి

ఫ్రెండ్స్, ముందు ఒక ఈజీ ప్రశ్న. బ్లాక్ హోల్ మొదటి ఫోటో ఎప్పుడు రిలీజ్ అయింది? మనలో చాలామంది గూగుల్ చేయకుండానే చెప్పేస్తారు, 2019 ఏప్రిల్ అని. 'ఇంటర్‌స్టెల్లార్' సినిమాలో ఆ నీళ్ల గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు గడుస్తాయని కూడా చెప్పేస్తారు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మీద సూర్యుడు పూర్తిగా కప్పబడిపోయి పట్టపగలే చీకటి పడింది ఎప్పుడు?

ఈ ప్రశ్న మా క్లాసులో అడిగి చూశాను. ఆ మూడు జిల్లాల నుంచి వచ్చినవాళ్లం ఏడుగురం ఉన్నాం. ఒక్కరూ చెప్పలేదు. జవాబు: 1868 ఆగస్టు 18 ఉదయం ఒకసారి, 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం ఇంకోసారి. భూమ్మీద ఏదైనా ఒక చోటు తీసుకుంటే, అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం సగటున 375 ఏళ్లకు ఒకసారి కనిపిస్తుందని ఖగోళ గణితజ్ఞుల లెక్క. మన దగ్గర 112 ఏళ్లలోపే రెండుసార్లు వచ్చింది. ఇంత లాటరీ తగిలిన ఊళ్లలో పుట్టి, అంతరిక్షం అంటే ఎక్కడో హ్యూస్టన్‌లోనో జెనీవాలోనో జరిగే వ్యవహారం అనుకుంటున్నాం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఫిజిక్స్ మనకు దూరమైంది అది కష్టం కాబట్టి కాదు. దాన్ని మన ఊరి నుంచి, మన మాట నుంచి విడదీసి చదువుకున్నాం కాబట్టి. స్కూల్లో 'ఎక్లిప్స్' అని చదివాం, ఇంట్లో 'గ్రహణం' అని విన్నాం. ఎక్లిప్స్ అంటే రెండు మార్కుల డయాగ్రమ్. గ్రహణం అంటే తలుపులు వేసుకోవడం, తలస్నానం చేయడం. ఒకే సంఘటనకు రెండు పేర్లు, కానీ ఆ రెండూ మన బుర్రలో ఎప్పుడూ కలుసుకోలేదు. డయాగ్రమ్‌లో ఆశ్చర్యం లేదు, ఇంట్లో ప్రశ్న లేదు.

1868కి వెళ్దాం. అప్పటికి వనపర్తి, గద్వాల నిజాం రాజ్యంలోని సంస్థానాలు. ఆ ఏడాది చంద్రుడి నీడ అరేబియా సముద్రం దాటి దక్కన్ మీదుగా, మన కృష్ణా ప్రాంతం మీదుగా, గుంటూరు, మచిలీపట్నం మీదుగా బంగాళాఖాతంలోకి వెళ్లింది. ఈ గ్రహణం కోసం ప్రపంచం మన వైపు వచ్చింది. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు పెట్టాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి మరో బృందాన్ని తీసుకుని ఎక్కడికి వచ్చాడో తెలుసా? వనపర్తికి.

ఆ రోజు వాళ్లు చూసినదాని విలువ తెలియాలంటే మన ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌కి వెళ్లాలి. న్యూటన్స్ రింగ్స్ ఎక్స్‌పెరిమెంట్ గుర్తుందిగా? పసుపు రంగు సోడియం ల్యాంప్ పెట్టి, మైక్రోస్కోప్‌లో రింగులు లెక్కపెట్టి, రికార్డులో తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు అని రాశాం. చాలామంది రింగులు చూడకముందే రాశారు, అది వేరే విషయం! ఏ మూలకం వెలిగినా దానికంటూ కొన్ని రంగు గీతలు ఉంటాయి, మన వేలిముద్రల్లాగా. సోడియంకి ఆ పసుపు జంట గీత వేలిముద్ర.

1868 గ్రహణంలో సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలల వెలుగుని స్పెక్ట్రోస్కోప్‌లో చూసినవాళ్లకి ఒక పసుపు గీత కనిపించింది. అది సోడియం గీతకు దగ్గరగా ఉంది, కానీ సరిగ్గా అదే చోట లేదు. మచిలీపట్నంలో పాగ్సన్ కూడా దాన్ని గమనించాడు. జాన్సెన్ అయితే ఇంకో అడుగు వేశాడు. గీతలు అంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు అనుకుని, మర్నాడు మామూలు ఎండలోనే గుంటూరులో ఆ జ్వాలల గీతల్ని చూసేశాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకయర్ కూడా సొంతంగా ఆ పద్ధతి కనుక్కున్నాడు, ఆ పసుపు గీత సోడియంది కాదని పట్టుకున్నాడు. దాని తరంగదైర్ఘ్యం 5876 ఆంగ్‌స్ట్రామ్‌లు. మన ల్యాబ్ రికార్డులోని అంకెకీ దీనికీ తేడా 17 మాత్రమే. ఆ 17 ఆంగ్‌స్ట్రామ్‌ల తేడా వెనక ఒక కొత్త మూలకం ఉంది: హీలియం. భూమ్మీద అది విలియం రామ్సేకి దొరకడానికి 1895 దాకా పట్టింది. అంటే మనిషి హీలియంని ముందు సూర్యుడిలో చూసి, ఆ తర్వాతే భూమ్మీద పట్టుకున్నాడు.

ఈ కథ 5893 పక్కన ఒక్క పేరాగ్రాఫ్‌లో చెప్పి ఉంటే, ఆ ల్యాబ్ మనకి ఇంకోలా ఉండేది కాదా?

ఇప్పుడు రఘునాథాచారి సంగతి. నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఈయనే. 1867లో ఆర్ రెటిక్యులై అనే నక్షత్రం వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని ఈయన కనుక్కున్నాడు. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఫెలో అయ్యాడు. అంత పేరు వచ్చాక, ఇంగ్లీషులో రాసుకుంటూ హాయిగా ఉండొచ్చు. ఆయన అలా ఉండలేదు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతుంటే, అదేంటో మామూలు జనానికి చెప్పడానికి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఇంగ్లీషులోనే కాదు, మన దేశ భాషల్లోనూ వేయించాడు. అది పాఠంలా ఉండదు, ఒక సిద్ధాంతితో మాట్లాడుతున్నట్టు సంభాషణగా నడుస్తుంది. పంచాంగాల్లో లెక్కలు పాత పట్టికల్ని బట్టి కాకుండా, ఆకాశంలో నిజంగా కనిపించేదాన్ని బట్టి సరిచేయాలని వాదించాడు. పంచాంగం చించి పారేయమనలేదు, సరిగ్గా లెక్కించమన్నాడు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని అవసరం పడుతుంది.

రెండో గ్రహణం 1980 ఫిబ్రవరి 16, శనివారం. మధ్యాహ్నం మూడూ ముప్పావు ప్రాంతంలో నీడ కర్ణాటక తీరం నుంచి రాయచూర్ మీదుగా మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా ఒడిశా వైపు వెళ్లింది. మన దగ్గర సుమారు రెండున్నర నిమిషాలు సూర్యుడు లేడు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లు రాయచూర్ జిల్లాలో క్యాంపు వేశారు. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్ రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా నీడ దారిలోనే ఉంది. అక్కడికి అమెరికా నుంచి కూడా శాస్త్రవేత్తలు వచ్చారు. అదే సమయంలో దేశమంతా వీధులు ఖాళీ. జనాన్ని ఇళ్లలో ఉంచడానికి దూరదర్శన్ ఆ మధ్యాహ్నం 'చుప్కే చుప్కే' సినిమా వేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన ఊళ్లలో టీవీలు ఎక్కడివి? తలుపులే ఉన్నాయి.

మా అవ్వది గద్వాల దగ్గర పల్లె. ఆమెని అడిగాను. "తలుపులేసుకొని కూసున్నం బిడ్డా. పొద్దు మునిగినట్టే అయింది. కోళ్లు గంపల కిందికి పోయినయి" అంది. తలుపులు వేసుకుంటే కోళ్ల సంగతి ఎట్లా తెలిసిందవ్వా అంటే నవ్వింది. "సందులకెల్లి జూసిన."

నేను ఇంకో ప్రశ్న అడిగాను. పెంకుల సందుల్లోంచి నేల మీద ఎండ చుక్కలు పడతాయి కదా, అవి ఆ రోజు ఎట్లున్నయి అని. కాసేపు ఆలోచించి చెప్పింది: "గుండ్రంగ ఉండేటివి, సన్నగ కొడవళ్ల లెక్క అయినయి. అందరం భయపడ్డం."

ఆ కొడవళ్లు ఏంటో తెలుసా? సూర్యుడి బొమ్మలు. చిన్న సందులోంచి వచ్చే వెలుగు నేల మీద వేసేది సందు ఆకారాన్ని కాదు, సూర్యుడి ఆకారాన్ని. రోజూ సూర్యుడు గుండ్రంగా ఉంటాడు కాబట్టి చుక్కలు గుండ్రంగా ఉంటాయి. చంద్రుడు సగం కప్పేస్తే అవి కొడవళ్లవుతాయి. దీన్నే మనం పిన్‌హోల్ కెమెరా అంటాం. అంటే గ్రహణం చూడకూడదని తలుపులు మూసుకున్న ఆ ఇల్లే ఒక కెమెరాగా మారి, నేల మీద వరసగా పది గ్రహణాలు చూపించింది. చూసినవాళ్లున్నారు. ఇదేంటో చెప్పేవాళ్లే లేరు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గ్రహణం వచ్చిన ప్రతిసారీ మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు వస్తాయి. ఒకటి, ఏ రాశివాళ్లు ఏం చేయాలి అన్న లిస్టు. రెండోది, దాన్ని నమ్మేవాళ్ల మీద మీమ్‌లు. నాకు రెండోది కూడా నచ్చదు. మీమ్ పెట్టినవాడికి గ్రహణం గురించి అవ్వకంటే ఎక్కువేమీ తెలియదు, వెక్కిరించడం మాత్రమే తెలుసు. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు అన్న పెద్దవాళ్ల మాట నూటికి నూరు పాళ్లు కరెక్ట్, రెటీనా కాలిపోతే తిరిగి రాదు. తప్పు ఎక్కడుందంటే, 'నేరుగా చూడొద్దు' అన్నది 'అసలు చూడొద్దు' అయిపోవడంలో.

రోకలి సంగతే తీసుకోండి. గ్రహణం పట్టినప్పుడు ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడితే నిలబడుతుందని, విడిచాక పడిపోతుందని మనవైపు చెప్తారు. నేను మామూలు మంగళవారం నాడు, ఏ గ్రహణం లేకుండా, మా ఇంట్లో నిలబెట్టి చూశాను. నిలబడింది. అడుగు చదునుగా ఉండి, గరిమనాభి నుంచి కిందికి గీసిన గీత ఆ అడుగులోపలే పడితే రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. అయితే నేను అవ్వని వెక్కిరించలేదు. ఎందుకంటే ఆలోచిస్తే అది ఒక ప్రయోగమే. ఆకాశంలో ఏదో జరుగుతోంది, భూమ్మీద దాని ప్రభావం ఉందా అని ఒక వస్తువు పెట్టి చూస్తున్నారు. లేనిదల్లా ఒక్కటే: గ్రహణం లేని రోజు కూడా అదే చేసి పోల్చుకోవడం. కంట్రోల్ లేని ప్రయోగం అన్నమాట. ఆ ఒక్క అడుగు చెప్పేవాళ్లు ఉంటే ప్రతి ఇంటి వసారా ఒక ఫిజిక్స్ ల్యాబ్ అయ్యేది. అవ్వ కూడా మంగళవారం రోకలి చూసి కోప్పడలేదు. "మరి గట్లనే నిలబడితే గ్రహణమప్పుడెందుకు పెడ్తరు?" అని నన్నే అడిగింది. అంతకంటే మంచి సైన్స్ ప్రశ్న నేను వైవాలో కూడా వినలేదు.

"ఇవన్నీ ఎప్పుడో తేలిపోయిన విషయాలు, ఇందులో మిస్టరీ ఏముంది?" అంటారా? చాలా ఉంది.

మొదటిది, అసలు సంపూర్ణ గ్రహణమే ఒక విచిత్రం. సూర్యుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి సుమారు 400 రెట్లు. సూర్యుడి దూరం కూడా చంద్రుడి దూరానికి సుమారు 400 రెట్లే. అందుకే రెండూ మనకు ఒకే సైజులో కనిపిస్తాయి. ఇది ఎప్పటికీ ఇలాగే ఉండదు. అపోలో యాత్రికులు చంద్రుడి మీద పెట్టి వచ్చిన అద్దాలకు లేజర్ కొట్టి కొలిస్తే, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని తేలింది. సుమారు 60 కోట్ల ఏళ్ల తర్వాత చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పలేడు. సంపూర్ణ గ్రహణాలు ఉన్న కాలంలో మనం పుట్టాం.

రెండోది ఇంకా తేలలేదు. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. దాని చుట్టూ ఉండే కరోనా అనే పలచని పొర వేడి పది లక్షల డిగ్రీలకు పైనే. పొయ్యి నుంచి దూరం జరిగితే చల్లబడాలి కదా? ఇక్కడ దూరం జరిగేకొద్దీ మండిపోతోంది. సూర్యుడి అయస్కాంత క్షేత్రాలు ఆ శక్తిని పైకి మోసుకెళ్తున్నాయని తెలుసు. ఏ పద్ధతిలో, ఎంత పాలు అన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఆ కరోనా సూర్యబింబం కంటే లక్షల రెట్లు మసక. అందుకే శతాబ్దాలుగా దాన్ని గ్రహణం నాడే చూడగలిగారు.

దీని కోసమే మన ఆదిత్య-ఎల్1 వెళ్లింది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయల్దేరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎల్1 బిందువు చుట్టూ కక్ష్యలోకి చేరింది. అందులో వీఈఎల్‌సీ అనే పరికరం సూర్యబింబాన్ని అడ్డుపెట్టి మూసేసి, తనకంటూ ఒక కృత్రిమ గ్రహణం సృష్టించుకుని కరోనాని చూస్తుంది. దాన్ని తయారుచేసింది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్. ఆ సంస్థ మూలాలు మద్రాసు అబ్జర్వేటరీలో ఉన్నాయి. అదే, రఘునాథాచారిని వనపర్తికి పంపిన అబ్జర్వేటరీ. వనపర్తిలో నిమిషాల సేపు చంద్రుడి దయ మీద ఆధారపడి చూసినదాన్ని, అదే వారసత్వం ఇప్పుడు అంతరిక్షంలో రోజూ చూస్తోంది. ఈ గొలుసులో మన ఊరు ఒక లింకు.

ఇప్పుడు రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు.

ఒకటి: "సీఎస్‌ఈ వాళ్లకి ఇదెందుకు? ప్లేస్‌మెంట్‌లో గ్రహణం అడుగుతారా?" అడగరు. కానీ ఒక వీకెండ్ ప్రాజెక్ట్ చెప్తాను. పైథాన్‌లో స్కైఫీల్డ్ అనే లైబ్రరీ ఉంది. గ్రహాల స్థానాల ఫైల్ ఒకటి దించుకోండి. వనపర్తి అక్షాంశం 16.36, రేఖాంశం 78.06 ఇవ్వండి. సూర్యచంద్రుల కేంద్రాల మధ్య కోణం ఎంతో నిమిషం నిమిషానికి లెక్కేయండి. చంద్రుడి కోణ వ్యాసార్థంలోంచి సూర్యుడిది తీసేస్తే వచ్చే దానికంటే ఆ కోణం తక్కువైతే, అది సంపూర్ణ గ్రహణం. నా కోడ్ ముప్పై లైన్లు దాటలేదు. 1868, 1980 తేదీలు ఇచ్చినప్పుడు రెండుసార్లూ 'ట్రూ' అని ప్రింట్ అయింది. వందో టు-డూ యాప్ కట్టడం కంటే ఆ ఒక్క 'ట్రూ' నాకు ఎక్కువ నేర్పింది.

రెండోది: "తెలుగులో ఫిజిక్స్ చెప్పడానికి మాటల్లేవు." పై పేరాలు మళ్లీ చదవండి. స్పెక్ట్రోస్కోప్, కెమెరా, లేజర్ అని అలాగే రాశాను, ఎవరూ ఆగిపోయి ఉండరు. గ్రహణం, నీడ, కక్ష్య, కొడవలి మన దగ్గర ముందే ఉన్నాయి. లేనిది మాటలు కాదు, అలవాటు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనకి ఇంటర్నెట్‌లో ఉన్న సైన్స్ అంతా అందుబాటులో ఉంది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి అవ్వకి, గవర్నమెంట్ స్కూల్లో చదివే తమ్ముడికి చెప్పాల్సింది మనమే కదా? 'విద్వద్గద్వాల' అని పేరున్న ఊరి పిల్లలం. పండితుల్ని పోషించిన ఆ పేరు ఫ్లెక్సీల మీద రాసుకోవడానికే మిగిలిపోతే ఎట్లా?

ఒక డేట్ రాసి పెట్టుకోండి: 2027 ఆగస్టు 2, సోమవారం. ఆఫ్రికా, అరేబియాల మీద ఆ రోజు సంపూర్ణ గ్రహణం. మన దగ్గర సాయంత్రం పూట పాక్షికంగా, సూర్యుడు కొంత కొరికినట్టు కనిపిస్తాడు. వానాకాలం కాబట్టి మబ్బులు అడ్డు రావచ్చు, అయినా సిద్ధంగా ఉందాం. మన క్లబ్‌కి నా ప్రపోజల్ ఇదీ. మూడు జిల్లాల్లో మనం చదివిన స్కూళ్లకి, మన ఇళ్ల పక్క స్కూళ్లకి వెళ్దాం. పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఒక అట్టముక్కకి గుండుసూదితో చిల్లు పెట్టి, సూర్యుడికి వీపు తిప్పి నిలబడి, మీటరు దూరంలో తెల్లకాగితం పట్టుకుంటే సుమారు 9 మిల్లీమీటర్ల సూర్యుడు పడతాడు. నేరుగా చూడాలంటే ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణం కళ్లద్దాలే వాడాలి. ఎక్స్‌రే ఫిల్మ్, కూలింగ్ గ్లాసులు, మసి పూసిన గాజు వద్దే వద్దు. దీనితో పాటు ఎనిమిది పేజీల తెలుగు బుక్‌లెట్ ఒకటి రాద్దాం. పాఠంలా కాదు, ఒక అవ్వా మనవడూ మాట్లాడుకుంటున్నట్టు. రఘునాథాచారి 1874లో చేసిన పనే ఇది. అప్పుడు ఆయనకి పీడీఎఫ్ లేదు, వాట్సాప్ లేదు. మనకి రెండూ ఉన్నాయి.

మన ఊళ్ల మీద మళ్లీ సంపూర్ణ గ్రహణం మన జీవితకాలంలో వస్తుందో లేదో ఆ ముప్పై లైన్ల కోడ్‌లో తేదీలు మార్చి మీరే లెక్క కట్టండి. బుక్‌లెట్‌కి పేరు ఇవ్వాలనుకునేవాళ్లు, బొమ్మలు వేయగలిగేవాళ్లు క్లబ్ గ్రూపులో మెసేజ్ పెట్టండి. వనపర్తి వాళ్లకి మొదటి ఛాన్స్. 1868 నుంచి వాళ్లదే సీనియారిటీ.